ఆట భరించగల ధర

మా చిన్నతనంలో పిల్లలకు బొమ్మ కొనకపోవడానికి పెద్దవాళ్ళు పెద్దగా ఆలోచించనక్కర్లేదు. ఆ సంగతి జేబే తేల్చేసేది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళితే ప్రభల వెలుగులో దుకాణాలు బారులు తీరి ఉండేవి. తాటాకు బూరలు, రంగుకాగితాల గాలిమరలు, లక్కపిడతలు, కీ ఇస్తే గెంతే రేకు కప్పలు. నాన్న దగ్గరున్న చిల్లరకు బూర వచ్చేది, కప్ప వచ్చేది కాదు. కాసేపు రాగం తీసి, మిఠాయి కొట్టు కనబడగానే మరిచిపోయేవాళ్ళం. హద్దు గీసింది నాన్న కాదు కాబట్టి నాన్న మీద కోపమూ నిలిచేది కాదు.

ఆ లేమిని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని పొగడడం నాకు నచ్చదు. కొనలేకపోవడం వేరు, వద్దనుకోవడం వేరు. మొదటిదాన్ని రెండోదిగా చెప్పుకుని మా తరం కొంత గొప్ప తెచ్చిపెట్టుకుంది. నిజానికి వద్దనుకోవడమెలాగో మాకెవరూ నేర్పలేదు, ఆ అవసరమూ పడలేదు. ఆ అవసరం ఇప్పుడు మా పిల్లలకు పడింది.

శాన్ రామన్‌లో మా అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ ఆలోచన వెంటాడుతుంది. కాలిఫోర్నియాలో డయాబ్లో కొండకు దక్షిణాన ఉన్న ఊరిది. 1990ల దాకా పశువులు మేసిన డోహర్టీ లోయలో ఇప్పుడు కనుచూపు మేర ఇళ్ళే. సాయంత్రం నడకకు వెళితే తెలుగు చెవిన పడని రోజుండదు. ఇంటి అప్పు, వీసా చిక్కులు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న బెంగ ఇక్కడా ఉన్నాయి. అయినా ఒక్క బొమ్మ దగ్గర జేబు అడ్డుపడే రోజులు కావివి. ఫోన్‌లో వేలు నొక్కితే మర్నాటికి గుమ్మంలో అట్టపెట్టె ఉంటుంది.

ఈసారి మనవడు అడుగుతున్నది పెద్ద రోబో. అది మాట్లాడుతుంది, దాని కళ్ళు వెలుగుతాయి. నోటితో చెబితే తనంతట తానే లారీగా ముడుచుకుపోతుంది, మళ్ళీ చెబితే లేచి నిలబడుతుంది. కొనాలా వద్దా అని ఇంట్లో రెండు పక్షాలు. "నువ్వేమంటావు నాన్నా?" అని మా వాడు తీర్పు నా మీదికి తోశాడు. అవునన్నా కాదన్నా ముందు ఆ బొమ్మేమిటో తెలియాలి కదా.

ఈ బొమ్మల వంశం జపాన్‌ది. అక్కడి టకారా కంపెనీ 1980లో డయాక్లోన్ అనే బొమ్మల వరస మొదలుపెట్టింది. కొద్దికాలానికి అందులో కార్లుగా, లారీలుగా మారే మరమనుషులు వచ్చారు. వాటినీ, మైక్రోమాన్ అనే మరో వరసలోని బొమ్మల్నీ అమెరికా కంపెనీ హాస్‌బ్రో తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో బజార్లో పెట్టింది. ఇక్కడ బొమ్మలు ముందు పుట్టాయి, కథ తర్వాత వచ్చింది. మార్వెల్ కామిక్స్ వాళ్ళు కూర్చుని ఒక్కో బొమ్మకు పేరూ స్వభావమూ కల్పించారు, మంచి జట్టు, చెడ్డ జట్టు విడదీశారు. జపాన్‌లో బుల్లి మనిషి లోపల కూర్చుని నడిపే యంత్రంగా ఉన్న లారీ అమెరికాలో ఆప్టిమస్ ప్రైమ్ అనే ధీరోదాత్త నాయకుడైంది. సరిగ్గా ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వం టీవీ ప్రకటనల సమయం మీద ఉన్న పరిమితులు ఎత్తేసింది. ఇక బొమ్మకూ, కార్టూన్‌కూ, ప్రకటనకూ మధ్య గీత చెరిగిపోయింది. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలు గంటకు వారాంతాల్లో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12 నిమిషాలు దాటకూడదని చెప్పడానికి 1990లో మళ్ళీ ఒక చట్టం కావలసి వచ్చింది.

ఇంతవరకు చదివితే నాలాంటివాడికి వద్దనడం సుళువు. కోరిక పిల్లాడిది కాదు, ఎవరో పుట్టించినది అనేయవచ్చు. కానీ 1986 సంగతి ఒకటుంది. ఆ ఆగస్టులో వచ్చిన యానిమేషన్ సినిమాలో ఆప్టిమస్ ప్రైమ్‌ను చంపేశారు. కారణం కథ కాదు. పాత బొమ్మల్ని తప్పించి కొత్తవాటికి చోటు చెయ్యాలి, అంతే. హాళ్ళలో పిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. ఇళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి. మరుసటేడు టీవీలో అతన్ని బతికించక తప్పలేదు. పెద్దలు సరుకనుకున్నది పిల్లలకు ఆప్తుడయ్యాడు. కోరికను కంపెనీ పుట్టించి ఉండొచ్చు, ఆ ప్రేమ మాత్రం పిల్లలదే. అందుచేత రోబో కావాలన్న పిల్లాణ్ణి ప్రకటనల మాయలో పడ్డ అమాయకుడిగా చూడడం నాకిప్పుడు సాధ్యం కావడం లేదు. మేం లక్కపిడతల్లో లేని అన్నం వండి, ఊదుకుంటూ తిన్నాం. వాడు ప్లాస్టిక్ లారీలో వీరుణ్ణి చూస్తున్నాడు. రెండూ ఒకటే పని.

తనంతట తాను మారే బొమ్మ ఇటీవలిది. 2021లో రోబోసెన్ అనే కంపెనీ హాస్‌బ్రో అనుమతితో అలాంటి ఆప్టిమస్ ప్రైమ్‌ను తెచ్చింది. ఎత్తు సుమారు 48 సెంటీమీటర్లు, లోపల 5,000కు పైగా భాగాలు, 27 సర్వో మోటార్లు. ఒక్కో కీలులో ఒక్కో చిన్న మోటారు, దానికి పళ్ళచక్రాలు, ఎంత తిరిగిందో కనిపెట్టే ఏర్పాటు. ఏ కీలు ముందు కదలాలో, ఏది ఆగాలో లోపలి చిప్పులు చెబుతాయి. ఆ వరస తప్పితే చెయ్యి వెళ్ళి కాలికి అడ్డం పడుతుంది. ఇంజనీర్ల పనితనానికి దండం పెట్టాల్సిందే. అది వచ్చినప్పుడు చెప్పిన ధర దాదాపు 700 డాలర్లు. ఆ ధర చూస్తేనే తెలుస్తుంది, కంపెనీ కన్ను ఏడేళ్ళవాడి మీద లేదని.

కన్ను వాడి తండ్రి మీద ఉంది. వాడి చిన్నతనంలో, 1980ల్లో, దూరదర్శన్‌లో జెయింట్ రోబో అనే సీరియల్ వచ్చేది. ఒక కుర్రాడు చేతి గడియారంలోకి మాట్లాడితే కొండంత రోబో కదిలి వచ్చేది. మా వాడూ వాడి స్నేహితులూ ఉత్త మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని వీధిలో ఆజ్ఞలు జారీ చేసేవాళ్ళు. ఇప్పుడు నిజంగానే మాట వినే రోబో ఉంది, కొనగలిగే జీతం ఉంది. ఆ బొమ్మ వీడియో చూస్తున్నప్పుడు మనవడి మొహం కన్నా మా వాడి మొహమే ఎక్కువ వెలిగింది. అందులో తప్పేం లేదు. తీరని ముచ్చట నలభై దాటాక తీర్చుకుంటే ఎవరి సొమ్మూ పోదు. అయితే తన ముచ్చటను కొడుకు పేరుతో కొంటే ఆ బరువు కొడుకు మీద పడుతుంది.

ఎలాగంటే, అంత ఖరీదైన వస్తువు ఇంటికి వచ్చినప్పుడు ధర పెట్టెలో ఉండిపోదు, బొమ్మతో బాటు బయటికి వస్తుంది. "మెల్లగా! కింద పెట్టు! ఎంతనుకుంటున్నావు దాని ఖరీదు?" పక్కింటి పిల్లలు వస్తున్నారంటే బొమ్మ పై అరకు చేరుతుంది. కుర్రాడు దానికి కాపలాదారవుతాడు. ఆటలో బొమ్మ మెట్ల మీంచి దొర్లాలి, ఇసుకలో కూరుకుపోవాలి, స్నానాల తొట్టిలో మునగాలి, దుడుకు చేతి స్నేహితుడి వంతు వచ్చినప్పుడు వాడి చేతికి వెళ్ళాలి. ఇవేవీ చెయ్యకూడని బొమ్మతో పిల్లలు ఆడరు, దాన్ని చూస్తారు. కొన్నాళ్ళకు చూడడమూ మానేస్తారు.

అందుకని జేబు గీయని హద్దును ఆటనే గీయనివ్వాలని నాకనిపిస్తుంది. విరిగినా మన మొహం మాడకుండా ఉండే ధరలోనే పిల్లలకు ఆటబొమ్మ కొనాలి. ఆ ధర అందరికీ ఒకటి కాదు. ఒకరికి 10 డాలర్లు, ఇంకొకరికి 100. బొమ్మ విరిగిన రోజున పిల్లాడికి తన దుఃఖం చాలు, మన దుఃఖం కూడా వాడు మోయకూడదు.

చేత్తో తిప్పి మార్చే రోబోలు 50 డాలర్ల చుట్టుపక్కల మంచివే దొరుకుతాయి. ఎన్ని దశల్లో మారుతుందో పెట్టె మీద అంకె వేస్తారు. ముందు చేతులు వెనక్కి, తర్వాత నడుము తిప్పాలి, ఆపైన కాళ్ళు మడవాలి. ఎలా మార్చాలో చూపే కాగితం పోయిందంటే బొమ్మ సగం లారీ, సగం మనిషిగా నిలిచిపోతుంది. పిల్లాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, విసుక్కుని, వదిలేసి, మళ్ళీ తీసుకుని, ఏదో ఒక సాయంత్రం టక్కున కూర్చోబెడతాడు. 27 మోటార్లు చేసే పనిని పది వేళ్ళు నేర్చుకుంటాయి. ఖరీదు తగ్గేకొద్దీ బొమ్మ చేసే పని తగ్గి, పిల్లాడు చేసే పని పెరగడం ఈ వ్యాపారంలోని వింత. మోటార్లూ చిప్పులూ ఉన్నదానికి బ్యాటరీ ముసలిదవుతుంది, ఫోన్‌లోని యాప్ పాతబడుతుంది. పాడైన బ్యాటరీని చెత్తబుట్టలో పడేయడానికి కాలిఫోర్నియాలో 2006 నుంచి వీల్లేదు, ప్రత్యేకంగా ఇచ్చి రావాలి.

ఆట భరించవలసింది ధర ఒక్కటే కాదు, తీరిక లేకపోవడం కూడా. ఈ ఊరి సెంట్రల్ పార్కు బెంచీల మీద మాలాంటి ఆర్నెల్ల అతిథులం కలుస్తాం. "మా వాళ్ళ గరాజ్ నిండా బొమ్మలే మాస్టారూ, కారు బయటే" అని ఒకాయన నవ్వుతాడు. "బొమ్మలున్నాయి సరే, ఆడుకునే పూటేదీ?" అని ఇంకొకావిడ. వారమంతా బడి, దాని వెనక లెక్కల క్లాసు. వారాంతంలో ఈత, మనబడిలో తెలుగు, కూచిపూడి, లివర్‌మోర్ గుడి, ఎవరిదో పుట్టినరోజు. ఏదీ చెడ్డది కాదు. కానీ ఏ పనీ లేని గంట లేకుండా రోబో లారీ కాలేదు. నాన్న పక్కన నేల మీద చతికిలబడి కాలు ఎటు మడవాలో తెలియక తల గోక్కునే అరగంట ఏ పెట్టెలోనూ రాదు. పెద్ద బొమ్మ చాలాసార్లు ఆ అరగంటకు బదులుగా వస్తుంది. ఎంత పెద్దదైనా దానికి సరిపోదు.

మనకు బొమ్మల్లో రెండు జాతులున్నాయని మా ఇంటావిడ సంక్రాంతి కొలువు చూస్తే గుర్తొస్తుంది. పొణికి చెక్కతో చేసిన కొండపల్లి దశావతారాలు పాత చీర ముక్కల్లోంచి ఏడాదికోసారి బయటికొస్తాయి, పేరంటం అయ్యాక మళ్ళీ లోపలికి. వాటిని ముట్టుకోవద్దంటే పిల్లలకు కష్టం తోచదు, అవి చూసే బొమ్మలని వాళ్ళకు తెలుసు. అడుగు మెట్టు పిల్లలది. అక్కడ ఏటికొప్పాక బొంగరాల పక్కన చెయ్యి ఊడిన రోబోలు కూడా కొలువు తీరతాయి. మా ఆవిడ అడ్డు చెప్పదు. ఏడాదంతా నలిగిన బొమ్మకు ఆ గౌరవం దక్కాల్సిందే అంటుంది. 700 డాలర్ల రోబో నిజానికి పై మెట్ల జాతిది. కొలువు బొమ్మను ఆటబొమ్మంటూ ఇంటికి తేవడంలోనే ఉంది చిక్కంతా.

మా వాడికి ఇదే చెప్పాను. "ఒరేయ్, అది నీకు కావాలంటే నీ పేరు మీదే కొనుక్కో, నీ బల్ల మీద పెట్టుకో, వాడికి రోజూ ఒకసారి చూపించు. వాడికి మాత్రం చేత్తో తిప్పేది కొను. డబ్బుల్లేవని అబద్ధం చెప్పకు, ఇంత ఇంట్లో ఉండి ఆ మాటంటే వాడు నమ్మడు. కొనగలం, కానీ ఇది ఆడుకోవడానికి పనికిరాదు గనక కొనం అని చెప్పు. అలుగుతాడు. అలగనీ."

పిల్లాడి కోపం ఇదివరకు జేబు మీదికి పోయేది, ఇప్పుడు మన మీదికి వస్తుంది. కలిగినవాళ్ళ పెంపకంలో కష్టమైన పని అదేనేమో. కోపాన్ని కొనిపెట్టి చల్లార్చవచ్చు, ఉపన్యాసంతో అణచవచ్చు. రెండూ కాకుండా పక్కనే ఉండి దాన్ని చల్లారనివ్వడానికి కొంత నిబ్బరం కావాలి.

కొన్నప్పుడు ఇంకో రకం నిబ్బరం కావాలి. లెక్కల్లో మార్కులకు ముడిపెట్టి ఇవ్వకూడదు, అల్లరి చేసిన రోజున లాక్కోకూడదు. పదిమందిలో దాని ఖరీదు చెప్పుకోకూడదు. ఇచ్చాక అది వాడిది. వాడు విరగ్గొట్టుకోవచ్చు, స్నేహితుడి పాత కారుతో మారకం వేసుకోవచ్చు, వారంలో మోజు తీరి ఎవరికైనా ఇచ్చేయవచ్చు. "అంత పెట్టి కొంటే..." అన్న వాక్యం మన నోట మొదలు కాకూడదు. ఆ వాక్యం వస్తుందని ముందే అనుమానముంటే ఆ బొమ్మ కొనకపోవడమే పిల్లాడికి మనం చేసే మేలు.