పాతదనమా, పరిచయమా?

పురాతన వస్తువులపై మనుష్యునకు గల ప్రీతి వివేకమా, మోహమా యను ప్రశ్న క్రొత్తది కాదు. తాతలనాటి గడియారమును, అరిగిన కత్తిపీటను విడువలేని వారిని చూచి నవ్వుట సులభము. మేమును అట్లే నవ్వితిమి. ఆ నవ్వు తప్పని తెలిసికొనుటకు మాకు కొంతకాలము పట్టినది. ఆ తప్పును పాఠకుల యెదుట నుంచి, దానినుండి పొడమిన విచారమును వారితో పంచుకొనుటయే యిచ్చట మా యుద్దేశము.

హైదరాబాదునకు ఉత్తరముననున్న జీడిమెట్ల పేరు చెప్పగానే పలువురకు స్ఫురించునది పారిశ్రామికవాడ. మందుల కర్మాగారములు, లేతు మిషన్ల షెడ్లు, మోటార్లకు తీగ చుట్టు వైండింగు దుకాణములు, షిఫ్టు మారు వేళ రోడ్డు నిండిన బండ్లు, ఇదియే దాని రూపము. ఇట్టిచోట సంగీతవిచారమేమని యెవరైన అడుగవచ్చును. కాని సికిందరాబాదు చర్చీలలోను, రైల్వే కాలనీలలోను, పెండ్లి ఆర్కెస్ట్రాలలోను గిటారు చిరకాలముగా మ్రోగుచున్నది. పగలెల్ల యంత్రము కడ నిలిచి, సాయంకాలము గిటారు పట్టువారు ఈ వాడలో నేటికిని కలరు. అట్టివారిలో మా మిత్రులొకరు. మాకంటె ఇరువది యేండ్లు పెద్దవారు. లేతుపనిలో జీవితము గడపి, ఆదివారపు ఆరాధనలలో గిటారు వాయించువారు. ఆయనయొద్ద వాల్వుల యాంప్లిఫయరొకటి ముప్పదియేండ్లకు పైగా నుండెను. ఆర్కెస్ట్రావాద్యకారుడొకడు వృత్తి మానుకొనునపుడు దానిని ఆయనకు అమ్మెనట.

గత సంవత్సరము ఆయన మనుమరాలు కళాశాలలో చేరవలసి వచ్చినది. ఫీజునకు డబ్బు చాలలేదు. ఆ సమయముననే పాత వాద్యసామగ్రిని సేకరించు నొకరు ఆ పెట్టెకు మంచి వెల యిత్తుమని కబురంపిరి. “ఏం చెయ్యమంటరు సారూ?” అని ఆయన మమ్మడిగిరి. మేము క్షణమైనను ఆలోచింపక, అమ్మివేయుడనియు, క్రొత్తపెట్టె అందులో నాలుగవవంతు ధరకే దొరకుననియు, రెంటికిని గల భేదము ఆయన మనస్సులో నున్నదే కాని ధ్వనిలో లేదనియు చెప్పితిమి. ఆయన ఏమియు పలుకక లేచి వెళ్లిరి.

మేము తేలికగా త్రోసివేసిన ఆ వస్తువెట్టిదో కొంచెము వివరింపవలసియున్నది. వాల్వనగా గాలి తీసివేసిన గాజుగొట్టము. లోపల కాగిన లోహము నుండి ఎలక్ట్రానులు వెలువడి యెదుటి పలకకు పారును. నడుమనున్న తీగల అల్లిక ఆ ప్రవాహమును అదుపు చేయును. ఈ నడిమి అల్లికను 1906లో అమెరికావాసియగు లీ డి ఫారెస్టు చేర్చెను. అందువలన చిన్న సంకేతము పెద్దదగుటకు వీలు కలిగినది. 1947లో బెల్ ప్రయోగశాలలలో ట్రాన్సిస్టరు పుట్టిన పిదప, వాల్వులు రేడియోలనుండి క్రమముగా తొలగిపోయినవి. మీట త్రిప్పిన తరువాత కొంతసేపటికి గాని రేడియో పలుకని దినములను పెద్దలెరుగుదురు.

గిటారువాద్యకారులు మాత్రము వాల్వును విడువలేదు. కారణము విచిత్రమైనది. యాంప్లిఫయరును చేసినవారు కోరినది శబ్దమును ఉన్నదున్నట్లు పెంచుటయే. మితిమీరి పెంచినపుడు స్వరము బీటవారుట వారికి దోషము. కాలిఫోర్నియాలో లియో ఫెండరు 1952లో బాస్ గిటారు కొరకు ‘బాస్‌మన్’ అను యాంప్లిఫయరును వెలువరించెను. సామాన్య గిటారు వాయించువారు దానిని తమదిగా చేసికొనిరి. 1962లో లండనులోని జిమ్ మార్షల్ దుకాణమువారు ఆ నమూనాను అనుసరించి తమ యాంప్లిఫయరును నిర్మించిరి. ఇట్టి పెట్టెలను బిగ్గరగా పలికించి, ఆ బీటవారిన స్వరమునే వాద్యకారులు తమ కళకు వాడుకొనిరి. శక్తికి మించిన సంకేతము వచ్చినపుడు వాల్వు ధ్వనితరంగపు శిఖరమును కత్తితో కోసినట్లు కోయక, గుండ్రముగా నణచును. మెల్లగా మీటినచో స్వరము తేటగా వచ్చును. గట్టిగా మీటినచో గరగరలాడును. విద్యుత్తును సవరించు పనికిని వాల్వునే వాడిన పెట్టెలలో, బలముగా మీటిన క్షణమున లోపలి వోల్టేజి కొంచెము తగ్గి మరల కోలుకొనును. స్వరము క్రుంగి లేచినట్లు తోచును. ఇవన్నియు ఇంజనీరు దృష్టిలో లోపములే.

కొన్ని దినముల పిదప ఆయన మమ్ము ఇంటికి పిలిచిరి. పాతపెట్టెయు, అరువు తెచ్చిన క్రొత్తపెట్టెయు తెరవెనుక నుండెను. మొదట ఆయన శిష్యుడు వాయింపగా మేమిరువురము వింటిమి. మ్రోగుచున్నది ఏ పెట్టెయో చెప్పవలెను. మేము పలుమారులు తప్పితిమి. ఆయనయు పదింట నాలుగుమారులు తప్పిరి. మా మాటయే నెగ్గినదని లోలోన సంతసించితిమి. అనంతరము ఆయన కనులకు గుడ్డ కట్టుకొని తామే గిటారు పట్టిరి. శిష్యుడు తీగను ఒకసారి ఈ పెట్టెకు, ఒకసారి ఆ పెట్టెకు మార్చుచుండెను. ఈ మారు ఒక్కటియు తప్పలేదు. రెండు మూడు మీటులకే చెప్పివేయుచుండిరి. గుడ్డ విప్పి, “వినేటోనికి రెండొక్కటే సారూ. వాయించేటోనికి కాదు. ఇది నా యేలు మాట వింటది,” అనిరి.

ఒక సాయంకాలపు పరీక్ష శాస్త్రప్రమాణము కాజాలదు. ఐనను మా తర్కములోని లోపమును చూపుటకు అది చాలినది. విలువ వస్తువునందైన ఉండవలెను, లేదా వస్తువును ప్రేమించువాని ఊహయందైన ఉండవలెనని మేము తలచియుంటిమి. ధ్వనిలో భేదము వినబడలేదు గనుక అది ఊహయే యని తీర్మానించితిమి. వస్తువునకును చేతికిని నడుమ మూడవచోటొకటి కలదని మాకు తోచనేలేదు. కుమ్మరికి సారెతోను, వంటయింటి యిల్లాలికి కత్తిపీటతోను గల పొత్తు అట్టిచోటనే యుండును. కుండను కొనువానికది కనబడదు. కూర తినువానికి తెలియదు. ఐనను అది కల్ల కాదు.

దోషమును ప్రేమించుట యేమను శంక కలుగవచ్చును. దీనికి మన ఆలంకారికులు ఏనాడో సమాధానము చెప్పిరి. శ్రుతిదుష్టము మున్నగు దోషములు నిత్యములు కావని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నిరూపించెను. శృంగారమును చెరచు పరుషాక్షరమే రౌద్రమునకు తగియుండును. రసమునకు లోబడినపుడు దోషము దోషముగా నిలువదు. వాల్వు గరగర అట్టిదే. ప్రసంగము వినిపించు యాంప్లిఫయరులో అది తప్పు. వ్రేలి బలము నెరిగి దానిని పిలువగలవాని చేతిలో అది పలుకు.

ఇంతమాత్రమున పాతదెల్ల మంచిదని మేము చెప్పుటలేదు. పాతదైనంత మాత్రమున కావ్యము మంచిది కాదని కాళిదాసు మాళవికాగ్నిమిత్రపు ప్రస్తావనలోనే సూత్రధారునిచేత పలికించెను. వాల్వుపెట్టె బరువైనది, వాల్వులు కాలక్రమమున క్షీణించును, నేడవి ప్రధానముగా రష్యా, చైనా, స్లొవేకియా దేశములనుండి రావలెను. ప్లగ్గు తీసిన పిదపను లోపలి కండెన్సర్లలో వందలకొలది వోల్టులు నిలిచియుండి, తెలియక చేయి పెట్టినవాని ప్రాణము తీయగలవు. ఇట్టి పెట్టెను కొని, ఒక్కనాడును వాయింపక అలమారలో నుంచి, దాని తయారీ సంవత్సరమును అతిథులకు చదివి వినిపించువారును కలరు. వారిది పరిచయము కాదు, పరిగ్రహము. క్రొత్తది కళకు శత్రువనుటయు తప్పే. పాశ్చాత్యమైన వయొలిను కర్ణాటక సంగీతమున ఇంటిబిడ్డ యైనది. 1969లో పాలకొల్లున జన్మించి 2014లో కీర్తిశేషులైన మాండలిన్ శ్రీనివాస్, విద్యుత్ మాండలినుపై రాగములను గమకములతో పలికించి లోకమును మెప్పించిరి. వాల్వుల స్వభావమును గణనముతో అనుకరించు పెట్టెలు నేడు కలవు. ముప్పదియేండ్లు వానితో గడపిన వ్రేలికి అవియు బదులు పలుకవచ్చును. పెట్టె వయస్సు ప్రధానము కాదు. ఆ వ్రేలును ఆ పెట్టెయు కలిసి గడపిన వయస్సే ప్రధానము.

మా మిత్రులు ఆ పెట్టెను అమ్మివేసిరి. పరీక్షలో గెలిచిన మరువారమే అమ్మిరి. మనుమరాలు కళాశాలలో చేరినది. మేము చెప్పిన పని సరియైనదే. నేడడిగినను అదియే చెప్పుదుము. బిడ్డ చదువు కంటె పెట్టె గొప్పది కాదు. కాని మేము చెప్పిన కారణము అబద్ధము. ‘మీరు కోలుపోవునది ఏమియు లేదు’ అంటిమి. ఆయన కోలుపోయినది కలదు. కోలుపోవుచున్నామని యెరిగియే ఆయన ఇచ్చిరి. మా మాటనే నమ్మినచో అది త్యాగమనిపించుకొనదు, చెత్తను ఊడ్చివేయుట యగును. ఇచ్చినవాని యీవిని ఏమియు కాదనుట అతనికి రెండవ నష్టము.

మార్పును కోరు మావంటివారికి ఈ తప్పు సహజమని తోచుచున్నది. చేమగ్గము విడువుమని నేతగానికి, ఊరు విడువుమని రైతుబిడ్డకు చెప్పునపుడు, విడువదగినది విలువలేనిదని కూడ నిరూపింపబూనుదుము. అట్లు చెప్పినచో మన సలహా తేలికగా రుచించునని మన యాశ. నిజమునకు విలువగలదానిని కూడ విడువవలసిన సమయములుండును. అప్పుడు చెప్పదగిన మాట, ‘ఇది నష్టమే, ఐనను ఈడ్వవలసిన బండి ఇది’ యని. వినువానికి అది కష్టముగా నుండవచ్చును గాని అవమానముగా నుండదు.

ఈ మాటను ఆయనతో చెప్పుటకు మొన్నటి ఆదివారము ఆరాధన ముగిసిన పిదప వెళ్లితిమి. క్రొత్తపెట్టెతో వాయించిరి. సభలో నెవరికిని భేదము తెలియలేదు, మాకును తెలియలేదు. మా క్షమాపణమును విని ఆయన నవ్విరి. “ఇది గూడ మెల్లగ మాట వింటున్నది సారూ. ఇంక శానా దినాలు పడ్తది,” అనుచు తీగను చుట్టి పెట్టెలో నుంచిరి.