సీసా మీద పేరు

మత సామరస్య సభల్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. "హిందువుదైనా, ముసల్మానుదైనా రక్తం ఎరుపే కదా!" 1992 డిసెంబర్ తర్వాత మా బస్తీలో పెట్టిన శాంతి సభలో ఈ మాట మొదటిసారి విన్నాను. అప్పుడు బడికి వెళ్లే పిల్లవాణ్ణి. చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత విలేకరినై ఉర్దూలోనూ, తెలుగులోనూ ఇదే మాటను ఎన్నోసార్లు వార్తగా రాశాను. మంచి మనసుతో అనే మాటే. కానీ నన్ను దగ్గరకు తీసుకుంటూనే, నా పేరును మాత్రం గుమ్మం బయట చెప్పులతోపాటు విడిచి రమ్మంటున్నారేమోనని ఎప్పుడూ ఒక అనుమానం. ఆ మాటలో లోటు ఎక్కడుందో చివరికి నాకు చెప్పింది మా ఆపా కూతురు.

ఆ పిల్ల హైదరాబాదులో ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో పాథాలజీ రెసిడెన్సీ చేస్తోంది. ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను చూసి జబ్బు పేరు చెప్పే విద్య ఒకటి. రక్తం, మూత్రం, సూక్ష్మజీవుల పరీక్షలనూ బ్లడ్ బ్యాంకునూ నడిపే విద్య మరొకటి. రెండూ కలిపి నేర్చుకుంటే అక్కడ 4 ఏళ్ల శిక్షణ. ఒకరోజు ఫోన్లో మాటల మధ్య ఆ ఎర్ర రక్తం మాట ఎత్తాను. నవ్వింది. "మామూ, అందరి రక్తమూ ఒకటే అనుకుంటే మా బ్లడ్ బ్యాంకులో తెల్లారేసరికి మనుషులు చచ్చిపోతారు" అంది.

నిజమే కదా. వియన్నాలో పాథాలజీ సంస్థలో పనిచేసిన కార్ల్ లాండ్‌స్టయినర్ 1901లో రక్తం గ్రూపుల సంగతి బయటపెట్టేదాకా, ఒకరి రక్తం మరొకరికి ఎక్కిస్తే కొందరు ఎందుకు బతుకుతున్నారో, కొందరు ఎందుకు పోతున్నారో ఎవరికీ తెలియలేదు. గ్రూపు మతాన్ని చూడదు. నా రక్తం మా తమ్ముడికి పడకపోవచ్చు, పక్కింటి పంతులుగారికి పడవచ్చు. అంటే తేడా అబద్ధం కాదు. తేడా శత్రుత్వమూ కాదు. తేడాను తెలుసుకుని, సరిచూసి ఇచ్చినప్పుడే ఒక మనిషి రక్తం మరో మనిషిని బతికిస్తుంది. "మనమంతా ఒకటే" అంటుంది సభ. "నువ్వెవరో చెప్పు, నీకు సరిపడేది ఇస్తాను" అంటుంది బ్లడ్ బ్యాంకు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ మానవత్వమో ఆలోచించమని మన లౌకిక మిత్రులను అడుగుతున్నాను.

ఆ శిక్షణలో మొదట నేర్పేది రోగం గురించి కాదట, పేరు గురించి. ఆపరేషన్ గది నుంచి ఫార్మలిన్ సీసాలో ముక్క వస్తుంది. సీసా మీద రోగి పేరు, దానితోపాటు పుట్టిన తేదీ గానీ ఆస్పత్రి నంబరు గానీ, కనీసం రెండు గుర్తులుండాలి. కాగితం మీదా అవే ఉండాలి. తేడా వస్తే, అది తేలేదాకా ముక్కను ముట్టుకోరు. తేలాక దాన్ని కొలిచి, ఎలా ఉందో రాసి, అంచులకు సిరా పూసి, అవసరమైన చోట్ల కోస్తారు. మైనంలో బిగించి, సుమారుగా మిల్లీమీటరులో రెండు వందల వంతు మందాన పొరలు తీస్తారు. ఆ పొరకు దాదాపు రంగే ఉండదు. హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు అద్దితేనే కణాల నడిబొడ్డు ఊదాగా, మిగతాది గులాబీగా కంటికి ఆనుతుంది. స్లైడు మీద మనం చూసే ఎరుపు కూడా మనం అద్దిన ఎరుపే.

తర్వాత సీనియర్ పక్కన, ఒకే స్లైడును ఇద్దరూ చూసే మైక్రోస్కోపు ముందు కూర్చోవాలి. అసలు పాఠం ఇక్కడుంది. కొందరు సీనియర్లు "ముందు కాగితం చదవకు, స్లైడు చూడు" అంటారు. కాగితం మీద 'క్యాన్సర్ అనుమానం' అని ఉంటే కన్ను క్యాన్సర్‌నే వెతుక్కుంటుంది. మళ్లీ వాళ్లే "కాగితం చదవకుండా సంతకం పెట్టకు" అంటారు. గర్భిణి గర్భాశయంలో సహజంగా వచ్చే మార్పు, గర్భం సంగతి తెలియని వాడికి క్యాన్సర్‌లా కనిపించవచ్చు. రేడియేషన్ పడ్డ కణాలు వికారంగా ఉంటాయి. ఆ చరిత్ర తెలియని వాడు వాటిని చూసి హడలిపోతాడు.

ముందే నమ్మకు. తెలుసుకోకుండా తీర్పు చెప్పకు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డమొచ్చేవిగా నాకు అనిపించాయి. 2022లో మా ఇంటి మీదికి వచ్చేదాకా అవి ఒకే మాటకు రెండు వైపులని తెలియలేదు.

మా అమ్మీకి నాలుక అంచున పుండు లేచింది. నగరంలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. బుర్ఖాలో డెబ్బై దాటిన ముసలమ్మ. ఒక కుర్ర డాక్టరు చిన్న ముక్క తీసి, కాగితం నింపి పంపాడు. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్‌ను అనుమానించాల్సి ఉందని రాశారు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమెరికాకు ఫోన్ చేశాం. ఆ పిల్ల రిపోర్టు సంగతి తర్వాత అంది. "నానీ గురించి హిస్టరీ గడిలో ఏం రాశారు మామూ?" అని అడిగింది. కాగితం తీసి చదివాను. "చాలా ఏళ్లుగా పాన్, జర్దా అలవాటు" అని ఉంది.

మా అమ్మీ పుట్టి బుద్ధెరిగి పాన్ నమల్లేదు. మా అబ్బా నమిలేవారు. ఆ వాసనంటేనే ఆమెకు పడదు. ఎవరూ ఆమెను అడగలేదు. పేరు చూశారు, బుర్ఖా చూశారు, గడి నింపేశారు. అడిగితే చెప్పేది. పుండుకు సరిగ్గా ఎదురుగా ఒక విరిగిన పన్ను ఉందని, నెలల తరబడి అది నాలుకను గీరుతోందని.

"స్లైడ్లు, మైనపు దిమ్మెలు అడిగి తీసుకోండి. మరోచోట అనుభవమున్న పాథాలజిస్టుకు చూపించండి. అసలు సంగతి మీ చేత్తో రాసివ్వండి. ఫోన్లో ఫొటో చూసి నేను చెప్పకూడదు" అంది. అలాగే చేశాం. రెండో ఆయన దిమ్మె నుంచి మరికొన్ని పొరలు తీయించి చూశారు. రాపిడికి పై పొర కణాలు లోపలికి పెరిగి క్యాన్సర్‌ను పోలాయి తప్ప, క్యాన్సర్ కాదన్నారు. పన్ను అరగదీయించాం. రెండు వారాల్లో పుండు మానింది.

మొదటి రిపోర్టు రాసిన ఆయనను నేను తప్పుపట్టను. ఆయనకు చేరింది కాగితం మీది అమ్మీ. ఆ కాగితం మీది మనిషి మా అమ్మీ కాదు. కాగితం నింపిన కుర్రవాడు కూడా మమ్మల్ని ద్వేషించేవాడు కాదు. ఆమెను "అమ్మా" అనే పిలిచాడు. ద్వేషం ఏమీ లేకుండానే ఇది జరిగిందన్నదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఈ సంగతి విన్న మిత్రుడొకాయన "అందుకే పేర్లు తీసేసి నంబర్లు పెట్టాలి" అన్నాడు. పేరు తీసేస్తే గౌరవం వస్తుందా? 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ కణితి నుంచి, ఆమెను అడక్కుండానే ఒక ముక్క తీసుకున్నారు. ఆ కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూ పోయాయి. ప్రపంచమంతా పంచుకుంది, వ్యాపారమూ జరిగింది. సీసాల మీద 'హీలా' అన్న రెండక్షరాలే మిగిలాయి. ఆమె పేరు హెలెన్ లేన్ అని చాలాకాలం తప్పుగా చలామణి అయింది. తల్లి కణాలు బతికే ఉన్నాయని పిల్లలకు తెలిసింది రెండు దశాబ్దాల తర్వాత. అక్కడ జరిగిన అన్యాయానికి, పేరు చెరిపేయడం మందు కాలేదు, ముసుగైంది.

అలాగని పేరు రాస్తే చాలా? అదే దేశంలో మరో సంగతి చూడండి. కిడ్నీ ఎంత పనిచేస్తోందో రక్తపరీక్ష నుంచి లెక్కగట్టే సూత్రంలో, రోగి నల్లజాతి వాడైతే ఫలితాన్ని హెచ్చించేవారు. పాత సూత్రంలో దాదాపు 1.21తో, 2009 నాటి సూత్రంలో 1.159తో. నల్లవాళ్లకు కండ ఎక్కువని ఒక సాకు. కొత్త కిడ్నీ కోసం వరుసలో సమయం లెక్కకు రావాలంటే ఆ అంకె 20కి దిగాలి. మిగతా కొలతలన్నీ ఒకటే అయినా తెల్లవాడికి 18 వస్తే, నల్లవాడికి 20.9 అయ్యేది. ఒకరు వరుసలో నిలబడ్డారు. ఇంకొకరు ఇంకా జబ్బు ముదిరేదాకా గుమ్మం బయటే నిలబడ్డారు. ఇలాంటి లెక్కలు చేసి చీటీ ఇచ్చేది ఆస్పత్రి ప్రయోగశాలే. వైద్య విద్యార్థులు, యువ డాక్టర్లు కూడా దీన్ని ప్రశ్నించారు. 2021లో జాతి అంకె లేని కొత్త సూత్రం తెచ్చారు.

కథ అక్కడితో ఆగలేదు. 2023లో ఆస్పత్రులన్నీ తమ జాబితాలు తిరగేసి, పాత సూత్రం వల్ల నష్టపోయిన నల్లజాతి రోగులెవరో వెతికి, పోయిన కాలాన్ని వాళ్ల ఖాతాలో తిరిగి వేయాలని నియమం పెట్టారు. అన్యాయం చేసేటప్పుడు చూసిన గుర్తునే, అన్యాయాన్ని సరిదిద్దేటప్పుడు కూడా చూడాల్సి వచ్చింది. "ఇక మేం జాతిని చూడం" అని అక్కడే కళ్లు మూసుకుని ఉంటే, దొంగిలించిన ఏళ్లు దొంగిలించినట్టే ఉండిపోయేవి.

మన దగ్గరా ఇదే. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రభుత్వ కరోనా బులెటిన్‌లో మర్కజ్ మసీదు కేసులకు విడిగా ఒక గడి పెట్టారు. మైనారిటీ కమిషన్ అభ్యంతరం చెప్పింది. 2006లో సచార్ కమిటీ కూడా ముసల్మానుల బడులను, ఉద్యోగాలను, అప్పులను విడిగానే లెక్కపెట్టింది. రెండూ విడి గడులే. మొదటిది మా పేరును జబ్బుకు కారణంగా చూపింది. రెండోది మా పేరుతో ముడిపడ్డ లేమిని చూపింది. మొదటిదాన్ని వ్యతిరేకిస్తే "మీరే కదా విడిగా లెక్కపెట్టమన్నది" అంటారు. రెండోదాన్ని అడిగితే "రక్తం ఎరుపే కదా" అంటారు.

మరి ఏ గడి న్యాయం, ఏ గడి ముద్ర? ఆపా కూతురి పనిలోంచి నేను తీసుకున్న గీటురాయి ఒకటే. ఆ గడిలో ఉన్న మనిషిని అడిగి రాశారా? రాసింది తప్పైతే సరిదిద్దే హక్కు ఆ మనిషికి ఉందా? పాథాలజీలో సంతకం పడ్డ రిపోర్టు కూడా కొత్త సంగతి తెలిస్తే 'సవరించిన రిపోర్టు'గా మళ్లీ వెలువడుతుంది. ఎందుకు సవరించారో కూడా అందులో రాయాలి. చెప్పుకున్నది చరిత్ర. అడక్కుండా రాసేది ముద్ర. నా పేరు నాకు బరువు కాదు. దాని పక్కన నన్ను అడక్కుండా రాసిన వాక్యమే బరువు.

పుండు మానాక అమ్మీ నన్ను మళ్లీ మొదటి ఆస్పత్రికి బయల్దేరదీసింది. పాన్ సంగతి కొట్టేయించాలంది. కౌంటర్లో మనిషి విసుక్కున్నాడు. "తగ్గిపోయింది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు. అమ్మీ నా వైపు తిరిగి "మర్జ్ గయా బేటా, ఝూట్ నహీ గయా" అంది. జబ్బు పోయింది గానీ అబద్ధం పోలేదు కదా అని. ఆ మాట ఆయనకు తెలుగులో చెప్పాను. కాసేపు చూసి, ఒక తెల్ల కాగితం ఇచ్చి అర్జీ రాయమన్నాడు. రాశాను. కింద అమ్మీ తన పేరు ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు, నెమ్మదిగా రాసింది.