ఉంది సరే, దొరకొద్దూ?

"ఎక్కడో పుట్టే ఉంటాడు లెండి" అంటారు పెళ్ళికావలసిన పిల్ల తల్లితో. "ఇంట్లోనే ఉంటుంది, సరిగ్గా చూడు" అంటారు పడక్కుర్చీలోంచి లేవకుండా కళ్ళజోడు అడిగేవారు. రెండూ ధైర్యం చెప్పే మాటలే. కాని ఉందనేవారికి నోటి ఖర్చు, వెతికేవారికి ఒంటి ఖర్చు. రెండూ ఒకటేనా?

గణితశాస్త్రజ్ఞులు కూడా ఈ ప్రశ్న పట్టుకు కూర్చున్నారు. పేరంటానికి 13 మంది వచ్చారనుకోండి. వారిలో ఇద్దరైనా ఒకే నెలలో పుట్టి ఉండి తీరాలి. ఉన్న నెలలు 12 గదా! ఈ సంగతి గుమ్మంలో నుంచుని, ఒక్కరినీ పలకరించకుండానే చెప్పొచ్చు. ఆ ఇద్దరూ ఎవరంటే మాత్రం లోపలికెళ్ళి అడగాల్సిందే. 13 మందైతే తాంబూలాలు ఇచ్చేలోగా తేలిపోతుంది. జాబితా రాయడానికే వీల్లేనంత పెద్ద పేరంటమైతే?

1950లో జాన్ నాష్ అనే అమెరికన్ గణితవేత్త ఒక సంగతి రుజువు చేశాడు. ఆటగాళ్ళూ, వాళ్ళ ఎత్తులూ లెక్కపెట్టగలిగినన్నే ఉంటే, ఎత్తుల్ని పాళ్ళు కలిపి వేసుకోనిస్తే, ఏ ఆటలోనైనా ఒక నిలకడ స్థితి ఉండి తీరుతుందట. అక్కడ ఎవరైనా తానొక్కడే తీరు మార్చుకుని బాగుపడలేడు. బాగానే ఉంది, దాన్ని త్వరగా పట్టుకోవడం ఎలా? 1994లో క్రిస్టోస్ పాపాదిమిత్రియు, జవాబు తప్పక ఉండే ఇలాంటి లెక్కలు కొన్నిటికి ఒక తరగతి ఏర్పరిచాడు. 2006 నాటికి ఆయనా, దస్కలాకిస్, గోల్డ్‌బర్గ్, వారి వెనకే చెన్, దెంగ్, నాష్ లెక్క ఆ తరగతిలో అన్నిటికన్నా కష్టమైనవాటి సరసనే ఉందని తేల్చారు. ఇద్దరే ఆడే ఆటకైనా అంతేనట! ఏ ఆటకైనా దాన్ని త్వరగా తేల్చే ఉపాయం ఈనాటికీ ఎవరి చేతికీ చిక్కలేదు. అలాంటి ఉపాయమే లేదని కూడా ఎవరూ రుజువు చెయ్యలేదు.

అంచేత "ఉంది" అన్నది ఒక నిజం. "దొరుకుతుంది" అన్నది మరో నిజం. మొదటిదాన్ని చేతబట్టుకుని రెండోదాని గురించి నిలదీయడంలోనే ఉంది అన్యాయమంతా. "ప్రతి కష్టానికీ దారి ఉంటుందమ్మా" అని మొదలుపెట్టి, "నీకే చేతకాలేదు" అనేదాకా వెళ్ళిపోతాం. తప్పక ఉన్నదాన్ని ఏళ్ళ తరబడి పట్టుకోలేకపోయిన మేధావుల్ని ఎవరూ సోమరులనలేదే! ఇంటి ఇల్లాలికి ఆ పాటి మర్యాద దక్కకూడదా?

అలాగని ఆ భరోసా వట్టిదనను. లేనిదాని కోసం వెతుకుతున్నామేమో అన్న దిగులైనా తీరుస్తుంది. ఈ లెక్కల్లో మరో సుగుణం ఉంది. జవాబు దొరికాక, అది సరైనదేనా అని చూసుకోవడం తేలిక. కష్టమంతా వెతుకులాటలోనే.

కాబట్టి ధైర్యం చెప్పేవారు చెప్పండి. చెప్పి, ఒక అలమార మీరూ వెతకండి.