నీ చేతిలో పెట్టిన ఫోను

కుమఠా నాకా, షోలాపూర్

మనవరాలికి,

నువ్వు యూనివర్సిటీలో చేరినప్పటి నుంచి మన వాడకట్టులో ఎవరికి ఫోనులో ఏ పనిపడినా నీ దగ్గరికే వస్తున్నారు. బీడీలు చుట్టే అమ్మలక్కలు పీఎఫ్ చూడమంటారు, ముసలివాళ్లు పింఛను పడిందా అంటారు. "ఇదేందో చూడు బిడ్డా" అని ఫోను నీ చేతిలో పెట్టి నిమ్మళంగా కూర్చుంటారు. నువ్వు విసుక్కోకుండా చేసిపెడుతున్నావు. అది ఎంత పెద్ద పనో చెప్పాలనే ఈ ఉత్తరం.

మగ్గాల మీద బతుకుదామని తెలంగాణ జిల్లాల నుంచి ఈ ఊరికి వచ్చిన మనవాళ్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ. ఊరి నుంచి ఉత్తరమొస్తే చదివిపెట్టేవాళ్లు, మనియార్డరు ఫారం నింపేవాళ్లు ఒకరిద్దరే ఉండేవారు. ఎవరి అప్పెంతో, ఎవరి బిడ్డ అత్తింట్లో ఎట్లా ఉందో వాళ్లకు తెలిసేది. ఒక ఇంటి మాట ఇంకో ఇంటి గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. ఇవాళ ఆ పీట మీద నువ్వు కూర్చున్నావు.

నీ బాధ్యత వాళ్లకన్నా బరువైనది. ఉత్తరంలో ఒక్క ఇంటి సంగతే ఉండేది. ఫోనులో చుట్టపక్కాలందరి నంబర్లు ఉంటాయి. కొత్త యాప్ దించుకోగానే కాంటాక్టులు చూడనిమ్మంటుంది, ఫోటోలు చూడనిమ్మంటుంది. "అలౌ" అని నొక్కేది నీ వేలే, కానీ ఆ నంబర్లు నీవి కావు. మేనత్తది ఉంది, నీ స్నేహితురాలిది ఉంది. వాళ్లనెవరినీ అడగకుండా వాళ్ల తరఫున ఒప్పుకునే హక్కు నీకు లేదు.

ఇది ఉత్త భయం కాదు. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు అప్పుల యాప్‌ల వాళ్లను పట్టుకున్నారు. ఆ యాప్‌లవాళ్లు నిమిషాల్లో అప్పన్నారు, వారంలో కట్టమన్నారు. కట్టలేనివాళ్ల ఫోనులోంచి ముందే లాగిపెట్టుకున్న నంబర్లకు బూతులు, దొంగ అనే ముద్రతో ఫోటోలు పంపారు. ఆ అవమానం తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతే, 2022 సెప్టెంబరులో, అప్పు యాప్‌లు కాంటాక్టులు, కాల్ లిస్టు ముట్టకూడదని రిజర్వు బ్యాంకు కట్టడి పెట్టింది. 2023లో గూగుల్ కూడా తన ప్లేస్టోరులోని అప్పు యాప్‌లకు అదే నియమం పెట్టింది. కానీ మెసేజిలో లింకు పంపి దించుకోమనేవాడు ఏ నియమానికీ లొంగడు. ఫీజు కట్టాల్సిన వారంలో ఇట్లాంటి లింకుకు ఆశపడకు. డబ్బు తక్కువైతే నాకు చెప్పు. ఎంత రాత్రయినా సరే.

ఇంకొకటి. "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం" అని కాలేజీ పిల్లల వెంట పడేవాళ్లున్నారు. అందులో వచ్చిపోయేది మోసపోయినవాళ్ల సొమ్ము. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఉన్నవాళ్ల ఇంటికే. నీ క్లాసు పిల్లలకూ ఈ మాట చెప్పు.

ఫోను మానెయ్యమని నేననడం లేదు. 2004లో మన షోలాపూర్ యూనివర్సిటీ పుట్టక ముందు మన కాలేజీలన్నీ కొల్హాపూర్ శివాజీ యూనివర్సిటీ కిందే ఉండేవి. యూనివర్సిటీ సర్టిఫికెటు కావాలంటే అంత దూరం చూడాల్సి వచ్చేది. ఇప్పుడు సర్టిఫికెట్లు ఫోనులోనే చూసుకునే డిజిలాకర్ ఉంది, స్వయం అనే ప్రభుత్వ వెబ్‌సైటులో దేశంలోని పెద్ద ప్రొఫెసర్ల పాఠాలున్నాయి. తనివితీరా వాడుకో. ఊరూ పేరూ లేని ఓపెన్ వైఫై మీద మాత్రం బ్యాంకు పని పెట్టుకోకు.

ఎవరి డబ్బయినా ఇట్లాంటి మోసంలో పోయిందని తెలిస్తే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యాలి. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. షోలాపూర్ వాళ్లం ఆ అంకె మరిచిపోము. 1930 మే నెలలో ఈ ఊరు తెల్లవాళ్ల మీద లేచి మార్షల్ లా చూసింది, మరుసటి ఏడాది జనవరిలో నలుగురు ఉరికంబమెక్కారు. మోసపోయి, సిగ్గుపడి దాచుకునేవాళ్లను తిట్టకు. పక్కన కూర్చుని ఆ నంబరు నువ్వే కలుపు.

ఈ ఆదివారం మీ అమ్మ ఫోనూ నానమ్మ ఫోనూ ముందేసుకో. ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో సెట్టింగుల్లో చూసి, అక్కర లేనివి తీసెయ్యి. ఎందుకు తీస్తున్నావో వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పు, వాళ్లు సరేనన్నాకే తియ్యి.

నీ తాత