గుప్తదానానికి లెక్కెవరు చెప్పాలి?

కోనసీమలో దానం మాటెత్తితే ముందు గుర్తొచ్చే పేరు లంకల గన్నవరం డొక్కా సీతమ్మది (1841–1909). వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఇల్లాలు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక సంబరాలకు పిలుపొస్తే వెళ్లనన్నారనీ, తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలితేనే ఫొటోకు ఒప్పుకున్నారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు.

శాస్త్రాలూ ఆమె పక్షమే. ప్రతిఫలం ఆశించి ఇచ్చేది రాజసదానమని గీత పదిహేడో అధ్యాయం తేల్చేసింది. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటుంది బైబిలు. ఖురాన్ కాస్త వెసులుబాటిచ్చింది: బాహాటంగా ఇచ్చినా మంచిదే, గుట్టుగా ఇస్తే మరీ మంచిది.

మరి ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయినప్పుడు?

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన దాదాపు 10,000 మందిని మింగింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లోకొచ్చారు. జనం మేడలెక్కి చూశారు, ఇచ్చారు. ఆ జోలె గుట్టుతో నిండేది కాదు. అయితే ప్రచారపు వెలుగు అన్నిచోట్లా ఒకేలా పడదు. 1968–2002 మధ్య జరిగిన సుమారు 5,000 విపత్తులను పరిశీలించి ఐసెన్సీ, స్ట్రోంబర్గ్ అనే ఆర్థికవేత్తలు 2007లో ఒక సంగతి బయటపెట్టారు: ఒలింపిక్స్ లాంటి పెద్ద వార్తల వేళ వచ్చిన విపత్తుకు అమెరికా ప్రభుత్వ సాయం అందే అవకాశం తగ్గుతుంది. ఆకలి అదే, తేదీయే వేరు.

గోదావరి డెల్టాలో తేదీతోపాటు దారి కూడా లెక్కలోకొస్తుంది. 1996 నవంబరు 6 తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలకొరిగాయి, వేటకెళ్లిన పడవలెన్నో తిరిగి రాలేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇలాంటప్పుడు కెమెరా అయినా, పులిహోర పొట్లాల వ్యాను అయినా రోడ్డు ఉన్నంతవరకే వెళ్తుంది. పడవ కావాల్సిన లంకకు చివరి వంతే.

గుట్టు ఇచ్చేవాడి మనసుకు సంబంధించిన నియమం. పదిమంది దగ్గర వసూలు చేసి పంచేవాడికి అది వర్తించదు. సీతమ్మ పెట్టింది సొంత అన్నం, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. చందా సొమ్ము అలాంటిది కాదు, దాన్ని గుట్టుగా ఉంచితే దానం కాదు, అనుమానం. 2024 సెప్టెంబరు వరదల్లో ముంపుకు గురైన 400 పంచాయతీలకు లక్ష చొప్పున ఇస్తానని ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ప్రకటించారు. పంచాయతీ చేతికొచ్చాక అదీ ఊరి సొమ్మే, కాబట్టి దాత పేరు కన్నా ఊరికి ఎక్కువ అవసరమైనది ఆ లక్ష దేనికి ఖర్చయిందనే చిట్టా.

బియ్యం సంచి పట్టుకుని తలొంచుకున్న ముసలమ్మ ఫొటో మాత్రం ఏ లెక్కకూ అక్కర్లేదు. వచ్చే వరదకు చందాలెత్తేవాళ్లు ఆ ఫొటో మానేసి, ఎంత వచ్చింది, ఏ లంకకు ఎంత వెళ్లింది రాసిన కాగితాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి.