బొమ్మలో లేని పిల్లాడు

నలభై అయిదేళ్ళు వచ్చాక బొమ్మలు నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టింది నాకు. "నవలలు చాలలేదూ?" అన్నారు మావారు. చాలలేదు మరి! అందులోనూ నాకు వాన వెలిసిన రాత్రి వీధే కావాలి.

చీకటంటే నల్లరంగేగా అనుకున్నాను. కాదట. మా మాస్టారు పెట్టెలోంచి నల్లరంగు తీసి తన జేబులో వేసుకున్నారు. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే చీకటికి ఊపిరుంటుందన్నారు. వాన్‌గో 1888లో ఆర్ల్ ఊళ్ళో కాఫీ హోటలు ముందరి రాత్రిని నలుపు లేకుండానే వేసి, ఆ సంగతి చెల్లెలికి ఉత్తరం రాసి మురిసిపోయాడు. నీటిరంగుల్లో ఇంకో తమాషా, వెలుగును వెయ్యలేం. కాగితాన్ని తెల్లగా వదిలెయ్యడమే వెలుగు. ఎక్కడ వదలాలో ముందే తెలియాలి. తడిరోడ్డు మీద దీపం ప్రతిబింబం నిలువుగా, సరిగ్గా దీపం కిందకే జారాలి. ఇది తెలియక రెండు కాగితాలు పాడుచేశాను.

వీధి అయింది. "ఒక్క మనిషిని పెట్టండి" అన్నారు మాస్టారు. మా సత్యనారాయణపురంలో సందు మొగలో మొక్కజొన్న కండెలు కాల్చే ఆవిడ ఉంది. చెంపమీద నిప్పుల ఎరుపు, వెనకంతా నీలం, వంగిన వీపు. అడక్కుండానే మేడమీంచి చూసి వేసేశాను. చూసినవాళ్ళంతా "ఎంత ఒంటరితనం!" అన్నారు. నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉంది.

ఓ రాత్రి కండె కొనుక్కుంటూ ఆవిడకే చూపించాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని మరీ అందుకుంది. చాలాసేపు చూసింది.

"నేనే! బాగుందమ్మగారూ. మరి మా బుడ్డోడేడీ?"

బండికింద గోనెపట్టా మీద పడుకునే పిల్లాడు. నాకు కనబడకేం, రోజూ కనబడతాడు. వాడుంటే ఆవిడ ఒంటరి కాదు, బొమ్మకి ఆ దిగులు రాదు. అందుకని తీసేశాను. ఒకరి దిగులుని అందంగా వెయ్యచ్చా అన్నది పాత ప్రశ్నే. వెయ్యకపోతే కళెక్కడిదని సభల్లో నేనే దబాయించాను కూడా. కానీ లేని దిగులుని ఆవిడకి అంటగట్టడం? నవలల్లో ఎంతమంది కథానాయికల పక్కనుంచి అక్కచెల్లెళ్ళనీ, ఇరుగమ్మ పొరుగమ్మలనీ ఇలా చెరిపేశానో, మీ కన్నీళ్ళ కోసం! మీరూ తక్కువవారు కాదులెండి. భర్త పోయినావిడ హాయిగా నవ్విందని రాస్తే ఒక్క ఉత్తరం రాదు.

ఇంటికొచ్చి పిల్లాణ్ణి పెడదామని కూర్చున్నాను. బండికింద అంతా ముదురు నీలం. అక్కడ కాగితం వదిలితేగా! తడి బ్రష్షుతో రంగు ఎత్తబోతే కాగితం నూగు లేచిపోయింది. సరే, బల్లకి కొత్త కాగితం అంటించాను. ముందుగా బండి దగ్గర చిన్న తెలుపు వదలాలి. ఎంత మేర? వాడు ముడుచుకుని పడుకుంటాడా, కాళ్ళు చాపుకునా? ఎంత ఆలోచించినా జ్ఞాపకం రాలేదు.

చెప్పులేసుకుని మళ్ళీ కిందికి దిగాను.