దారాలా, కూర్పా?

మనిషంటే రసాయనాల మూట, అంతకుమించి ఏమీ లేదనే మాట శాస్త్రం పేరుతో చెలామణి అవుతోంది. ఆ మాటను శాస్త్రమే ఒప్పుకోదు. అందుకు సాక్ష్యం అమైనో ఆమ్లాల్లో ఉంది, దాన్ని తూచే పద్ధతి మన దర్శనాల్లో ఉంది. కార్యం ముందే కారణంలో దాగి ఉంటుందని సాంఖ్యుల మతం. నువ్వుల్లో ఉంది కాబట్టే నూనె వస్తుంది, ఇసుకలోంచి రాదు. కార్యం కొత్తగా పుడుతుందని న్యాయ వైశేషికుల మతం. వస్త్రానికి దారాలు సమవాయి కారణం, ఆ దారాల కలయిక అసమవాయి కారణం అని వాళ్లు విడదీసి చెప్పారు. వస్తువుతో పాటు కలయికకూ కారణంగా స్థానం ఇవ్వడం ఎంత లోతైన ఆలోచన!

ప్రోటీన్లను కట్టే ప్రధానమైన అమైనో ఆమ్లాలు 20. దాదాపు అన్నిటికీ చట్రం ఒకటే: నడుమ కార్బన్, దాన్ని పట్టుకుని అమైనో సమూహం, కార్బాక్సిల్ సమూహం, హైడ్రోజన్, ఒక పార్శ్వ శృంఖలం. ఆ శృంఖలంలోనే తేడా అంతా. గ్లుటామిక్ ఆమ్లానిది ఋణావేశంతో నీటితో కలిసిపోతుంది, వాలీన్‌ది నీటికి ఎడంగా ఒదుగుతుంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు 146 అమైనో ఆమ్లాల పొడవు. అందులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడమే సికిల్ సెల్ వ్యాధికి మూలమని 1957లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని పోగులు కడతాయి, ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. అంటుకునే గుణం వాలీన్‌లో ముందే ఉందిగా అని సాంఖ్యుడు అడగవచ్చు. అదే గొలుసులో మొదటి చోట ఆరోగ్యవంతులకూ వాలీనే ఉంటుంది, ఏ హానీ లేదు. కాబట్టి గుణం పదార్థం ఒక్కదానిలోనే లేదు, అది కూర్చున్న చోటులోనూ ఉంది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఆస్తికుడిది: కూర్పు ఉందంటే నేతగాడు ఉండాలి కదా? 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ అనే ప్రోటీన్ ముడతలను క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ రసాయనాలతో విప్పేశాడు. ఆ రసాయనాలను తొలగించాక గొలుసు తనంతట తానే మళ్లీ ముడుచుకుని పనికి వచ్చింది. ముడుచుకోవడానికి బయటి చెయ్యి అక్కర్లేదు. ఆ గొలుసులోని అమైనో ఆమ్లాల వరుస మొదట ఎలా ఏర్పడిందన్న ప్రశ్నకు మాత్రం ఈ ప్రయోగం జవాబు కాదు. దీన్ని దేవుడికి అనుకూలంగా గానీ ప్రతికూలంగా గానీ వాడుకోవడం న్యాయం కాదు. చైతన్యానికి ఆత్మ కావాలన్న నైయాయికుల సిద్ధాంతాన్నీ ఇది నిలబెట్టదు. కలయిక విషయంలో మాత్రం గెలుపు నైయాయికులదే, మూట వాదం నిలవదు.